రత్నం వైపు బుటాలు

త్రిమూర్తులు ఆ కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు హాలు నిండా జనం ఉన్నారు. కాకినాడలోని తూర్పుతీర దృష్టి పరిశోధన కేంద్రానికి అది పండగలాంటి రోజు. ముందు వరసలో ఢిల్లీ నుంచి వచ్చిన అధికారులు, వెనక డాక్టర్లు, గోడల వెంట టీవీ కెమెరాలు. వేదిక మీద ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో త్రిమూర్తులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఉప్పాడ కొత్తపల్లిలో జాందానీ చీరలు నేసే మనిషి ఆయన. ఆ కళ్ళజోడును తయారుచేసిన డాక్టర్ హైమవతికి బావ, సొంత అక్క మొగుడు.

"నొప్పేమీ ఉండదు బావా. ముందు మీ మగ్గం కనిపిస్తుంది. ఆ తర్వాత ఏం కనిపిస్తే అది పైకి చెప్పండి," అంది హైమ.

"ఆయ్. నువ్వున్నావు గదమ్మాయ్, నాకేటి బయ్యం," అన్నాడాయన.

అంతకుముందే ఆయన వేలి నుంచి తీసిన రక్తపు చుక్కలో జన్యువుల్ని యంత్రం చదివేసింది. కంటి వెనక పొరను ఫొటో తీసుకుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళందరికీ చూపు పోదు. ఏళ్ళ తరబడి చక్కెర అదుపు తప్పినా కొందరి కళ్ళు చెక్కుచెదరవు. కొందరికి తొందరగానే ఆ పొర మీది సన్నని రక్తనాళాలు చిట్లడం మొదలవుతుంది. ఆ తేడాలో కొంత భాగం తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల్లోనే ఉంటుంది. హైమ దాన్ని లెక్కగట్టడంతో ఆగలేదు, బొమ్మగా మార్చింది. కళ్ళజోడు పెట్టుకున్న మనిషికి, పదేళ్ళు పోయాక తన కన్ను లోకాన్ని ఎలా చూస్తుందో ఇప్పుడే కనిపిస్తుంది. దానికి 'ముందుచూపు' అని పేరు పెట్టారు.

"మగ్గం కనపడతంది," అన్నాడు త్రిమూర్తులు నవ్వుతూ. "మాదే. గులాబీ పడుగు. అల్లదిగో, నెమలి బుటా సగంలో ఉంది." కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "ఏటిది? దారాల మీద సిరా సుక్కలు పడతన్నాయేటి? అమ్మాయ్, చీర పాడైపోద్ది, ఎవరినైనా తుడవమను." చెయ్యి చాచి తనే గాలిని తుడవడం మొదలుపెట్టాడు. "ఇంకా పడతన్నాయి... రత్నం! లైటెవరు తీసేసేరే? రత్నం, ఎక్కడున్నావే!"

ముందు వరసలోంచి ఆయన భార్య నూకరత్నం వేదిక మీదకు పరుగెత్తింది. గాల్లో వెతుకుతున్న ఆ చేతులకు ఆమె కొంగు తగిలింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని గుండెకు అదుముకుని ఆయన ఏడ్చాడు. గుక్కపట్టిన పసివాడి ఏడుపు అది.

హైమ కళ్ళజోడు తీసేసింది. వెలుతురు కళ్ళలో పడగానే త్రిమూర్తులు చుట్టూ చూశాడు. ఇంతమంది తననే చూస్తున్నారని అప్పుడు తెలిసింది. మెల్లగా కొంగు వదిలేశాడు. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, ఎందుకో తనకే తెలియకుండా, జనానికి దండం పెట్టాడు. హాలంతా చప్పట్లతో మోగిపోయింది. ఢిల్లీ అధికారి ఒకాయన కళ్ళు ఒత్తుకుంటున్నాడు. అది చూసి హైమ 'గెలిచాం' అనుకుంది. ఆ క్షణాన బావ ముఖంలోకి చూడాలని ఆమెకు తోచలేదు.

తర్వాత అక్క వంతు. నూకరత్నానికీ చక్కెర జబ్బు ఉంది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తల తిప్పి, "నాకేటీ మారలేదే! దారం పోగులు కూడా లెక్కెట్టేత్తాను," అంది. జనం నవ్వారు. కెమెరా ఆ నవ్వునూ పట్టుకుంది.

*

అసలు యంత్రం తయారవుతున్నప్పుడే ఆ బొమ్మ విషయంలో ఒకసారి గొడవ జరిగింది. యంత్రానికి అద్దాలూ తెరలూ కూర్చిన ఇంజనీరు విల్సన్ బాబు ఒకరోజు తన బల్ల దగ్గరికి హైమను పిలిచాడు.

"మేడమ్, జన్యువులు చెప్పేది పదిమందిలో ఏడుగురికి ఇలా అవుతుందని. ఆ మిగతా ముగ్గురి సంగతి బొమ్మలో ఎక్కడుంది? ఒక్కో మనిషికి నాలుగైదు బొమ్మలు వరసగా చూపిద్దాం. ఇలా జరగొచ్చు, ఇలా కూడా జరగొచ్చు అని."

"అన్ని బొమ్మలు చూపిస్తే ఏదీ నమ్మరు విల్సన్ గారూ. డాక్టర్లు నోటితో చెబుతూనే ఉన్నారు కదా, ఎవరు వింటున్నారు? కళ్ళారా చూసి భయపడితే తప్ప మాత్ర వేసుకోరు."

"మరి తక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళు? వాళ్ళకు తేటగా కనిపించే బొమ్మ చూపిస్తే, ఇంకేమీ కాదనుకోరూ?"

"వాళ్ళకు పక్కన కాగితం మీద రాసిస్తాం," అంది హైమ.

ఒక మనిషికి ఒకే బొమ్మ. ఎక్కువ జరిగే అవకాశం ఏదైతే అది. ప్రమాదం ఉన్నవాళ్ళ బొమ్మలో చీకటిని ఇంకాస్త చిక్కగా చేయించింది కూడా ఆమే. విల్సన్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆమె అనుకున్నది చాలావరకు నిజమే అయింది. ముందుచూపు పెట్టుకుని భయపడ్డవాళ్ళు తప్పకుండా మందులు వేసుకున్నారు. బావ కూడా అంతే. టీలో పంచదార మానేశాడు, పొద్దున్నే సముద్రం పక్క రోడ్డు మీద నడక మొదలుపెట్టాడు.

ఆయన్ని నడిపించేది రత్నమే. తల్లి పోయాక చెల్లెలు హైమను పెంచి పెద్దచేసినట్టే ఇప్పుడు మొగుడి కళ్ళను సాకడం మొదలుపెట్టింది. ఆయనకు కొర్రన్నం వండేది, మాత్రలు అరచేతిలో పెట్టి మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఇంట్లో ఉన్న బియ్యం వృథా చేయడమెందుకని తను వరి అన్నమే తినేది. తన మాత్రలు అయిపోతే మళ్ళీ తెప్పించుకోవడం మానేసింది. ఏడాదికోసారి చేయించుకోమని కాగితం మీద రాసిచ్చిన కంటి పరీక్ష గుర్తే లేదు. పక్కింటావిడ అడిగితే, "నాకేటవుద్దే? యంత్రమే సెప్పింది గదా. ఆ గండమేదో మా మావకే. ఇద్దరికీ పెట్టలేదు దేవుడు," అనేది.

త్రిమూర్తులు మాత్రం టీకొట్టుకు వెళ్ళడం మానేశాడు. వేదిక మీద ఆయన ఏడ్చిన వీడియో ఊళ్ళో ప్రతి ఫోనులోకీ చేరింది. ఎదురుపడ్డవాడల్లా మొహం ముందు వేళ్ళాడించి, "ఇయ్యెన్ని బావా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఒకడైతే ఆయన గొంతును అచ్చం దింపేశాడు. "రత్నం! లైటెవరు తీసేసేరే!" టీకొట్టు దగ్గర అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, గ్లాసు కింద పెట్టి వచ్చేశాడు. ఇంటికొచ్చి మగ్గంలో కూర్చున్నాడు. పోగును అటూ ఇటూ తోసే నాడెను ముట్టుకోలేదు.

ఆ వీడియో హైమకూ చాలాసార్లు ఎదురైంది. సభల్లో ఆమెను పరిచయం చేసేముందు అదే వేసేవారు. చీకటి హాల్లో బావ గొంతు వినిపించినప్పుడల్లా ఆమె తన కాగితాల్లోకి తల వంచుకునేది. ఆ తర్వాత లేచి మాట్లాడేది. ముందుచూపును జిల్లా ఆసుపత్రులన్నిటిలో పెట్టాలని నిర్ణయం జరిగింది. విడుదలకు ముహూర్తం కూడా పెట్టేశారు.

*

రెండేళ్ళు గడిచాక ఒకరోజు పొద్దున్న హైమ పనిలోకి వచ్చేసరికి వరండా చివర బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని త్రిమూర్తులు కూర్చుని ఉన్నాడు. లోపలికి కబురు పంపలేదు.

"ఎప్పుడొచ్చారు బావా? ఫోన్ చేస్తే కారు పంపేదాన్ని కదా."

"ఎవరూ లేని గదుంటే సూడమ్మాయ్," అన్నాడు నేల చూస్తూ.

గది తలుపు వేశాక గడియ పడిందో లేదో తనే చూసొచ్చాడు.

"వచ్చేసిందమ్మాయ్," అన్నాడు చివరికి. "నువ్వు పదేళ్ళన్నావు. ఇప్పుడే వచ్చేసింది. ఒకపక్క చూపు వంకరపోతంది. మీ అక్కకి సెప్పలేదు. అసలే నా ఏడుపు ఊరంతా చూసేరు. మళ్ళీ ఇదా అంటాదని సిగ్గేసింది."

హైమ ఆయన్ని స్వయంగా పరీక్ష గదిలోకి తీసుకెళ్ళింది. కంట్లో చుక్కలు వేసి, కాసేపు ఆగి, కంటి వెనక పొర ఫొటోలు తీయించింది. ఒకటికి రెండుసార్లు చూసింది. నాళాలన్నీ తిన్నగా ఉన్నాయి. ఎక్కడా మరక లేదు. మొదటిసారి తీసిన ఫొటో కంటే ఇదే మెరుగ్గా ఉంది.

"మీ కళ్ళకు ఏమీ కాలేదు బావా. బాగున్నాయి."

ఆయన నమ్మలేదు. ఆమె తన మనసు నొప్పించకుండా అబద్ధం చెబుతోందనుకున్నాడు. సంచిలోంచి మగ్గం మీద నుంచి కొత్తగా కోసిన చీర తీసి బల్ల మీద పరిచాడు. జాందానీ మగ్గంలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఎవరి సగంలో బుటాలు వాళ్ళు చేత్తో పేర్చుకుంటూ పోతారు.

"ఇదిగో, ఇది నా వైపు. తిన్నగానే కనపడతంది. ఇది రత్నం వైపు. సూడు, బుటాలన్నీ వంకరగా కనపడతన్నాయి నాకు. నెమలి మెడ పక్కకి ఒరిగిపోయినట్టు. ఇరవయ్యేళ్ళ నుంచి దాని బుటాలో పోగు తేడా రాలేదమ్మాయ్. అంచేత నా కన్నే పోతందని తెలిసిపోయింది."

హైమ చీర మీదకు వంగింది. బట్టను వేలితో సాగదీసి చూసింది.

"బావా," అంది. "నాకూ వంకరగానే కనిపిస్తున్నాయి."

ఆయన కంగారుపడ్డాడు. "నీకూ వచ్చిందా ఏటమ్మా జబ్బు?"

ఆమె రత్నం వైపు బుటా మీద వేలు పెట్టింది. ఆయన ఆమె ముఖం చూశాడు, మళ్ళీ చీర చూశాడు. బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు.

"రత్నం," అన్నాడు.

*

వాళ్ళు కొత్తపల్లి వెళ్ళేసరికి నూకరత్నం మగ్గంలో ఒక్కతే ఉంది. చెల్లెల్ని చూసి సంబరంగా లేవబోయింది.

"ఏటే ఇలా ఊడిపడ్డావు? ఉండు, పులస లేదుగానీ సందువా చేప వండుతాను."

"అక్కా, అలాగే కూర్చో. ముందు కుడి కన్ను చేత్తో మూసుకుని నన్ను చూడు."

"ఇప్పుడా ఆటలేటి? నాకు బానే ఉందే."

"మూసుకోవే," అన్నాడు త్రిమూర్తులు. ఆ గొంతు విని ఆమె మాట్లాడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. హైమ రెండడుగుల దూరంలో నిలబడి తన ముక్కుపుడక ఏ వైపుందో చెప్పమంది. రత్నం తల కొంచెం వంచింది. ఇంకొంచెం వంచింది. తర్వాత చెయ్యి తీసేసి ఒళ్ళో దారపుండలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

"ఎప్పటి నుంచి?"

"వినాయకచవితికి ముందే. సాలెగూడు అడ్డమొచ్చినట్టుండేది. కడుక్కుంటే పోద్దనుకున్నాను. తరవాత ఎర్రగా పొగలాగా కమ్మేసింది. రెండో కన్నుందిగదా అని ఎలాగో లాక్కొత్తన్నాను."

"నాకెందుకు చెప్పలేదక్కా? కాకినాడ ఎంత దూరమని?"

రత్నం దారపుండ పక్కన పెట్టింది. చెప్పకూడని మాట చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"నీ యంత్రం నాకు బానే ఉంటాదని సెప్పింది గదే. టీవీలో అందరూ చూసేరు. ఇప్పుడు నాకు బాలేదంటే, సొంత అక్కకే తప్పు సెప్పిందంటారు. పెద్ద పెద్దోళ్ళు నిన్ను పిలిచి సన్మానాలు సేత్తన్నారాయె. నీ పరువేం కానూ? విడుదలేదో అయిపోయాక సెబుదామనుకున్నాను."

త్రిమూర్తులు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను నా కన్నే అనుకున్నానే," అన్నాడు గోడతో. "పక్కనే కూకుని... నా కన్నే అనుకున్నాను."

ఆ సాయంత్రమే ఆమెను కాకినాడ తీసుకొచ్చారు. ఎడమ కంట్లో రక్తం నిండి, వెనక పొర ఊడి ముడుచుకుపోయింది. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఏదో చేసేవాళ్ళమన్నాడు ఆపరేషన్ చేసే డాక్టరు. కుడి కంటిలోనూ నాళాలు చిట్లడం మొదలైంది. దానికి లేజర్ చేశారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. అది నిలిచింది. ఎడమది పోయింది.

*

"అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది," అన్నాడు కేంద్రం డైరెక్టరు. "కానీ పదిమందిలో ఇద్దరు ముగ్గురి విషయంలో తేడా వస్తుందని మనకు మొదటి నుంచీ తెలుసు. మీ అక్కగారు ఆ ఇద్దరు ముగ్గురిలో ఒకరు. లెక్కేమీ తప్పలేదు కదా."

"లెక్క తప్పలేదు సార్. బొమ్మ తప్పు," అంది హైమ. "బొమ్మలో 'బహుశా' అనే మాట చూపించలేం. చూపించలేమని తెలిసే నేను ఒక్క బొమ్మ పెట్టించాను. విల్సన్ గారు వద్దన్నారు."

విల్సన్ బాబు ఆ గదిలోనే ఉన్నాడు. 'నేను ముందే చెప్పాను' అంటాడని ఆమె ఎదురుచూసింది. అతను తలెత్తలేదు. అతను ఆ ఒక్క మాటా అని ఉంటే తేలికపడేదాన్నని హైమకు అనిపించింది.

యంత్రాన్ని కనిపెట్టిన మనిషే వద్దంటుంటే విడుదల చేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. అది ఆగిపోయింది. ఆ విభాగం పెద్దగా హైమకున్న పదవి కూడా పోయింది. దానికి ఆమె బాధపడలేదు. బాధపడాల్సింది వేరే ఉంది. ఢిల్లీకి, పత్రికలకు తప్పు జరిగిందని రాసి పంపడం సులువే అయింది. కొత్తపల్లిలో చెప్పడమే మిగిలింది.

నేతగాళ్ళ సొసైటీ హాల్లో ఒక ఆదివారం పొద్దున్న అందరినీ పిలిపించింది. టీవీవాళ్ళెవరూ లేరు. విల్సన్ బాబు మామూలు కంటి కెమెరా, మందు చుక్కలు తెచ్చి ఒక మూల సర్దుతున్నాడు. రత్నం నల్లద్దాలు పెట్టుకుని మొదటి బెంచీలో కూర్చుంది. పక్కన త్రిమూర్తులు.

"ఆ రోజు మా బావకు చూపించింది ఆయనకు జరగబోయేది కాదు," అంది హైమ. "అలా జరగొచ్చు, జరక్కపోవచ్చు. ఆ 'జరక్కపోవచ్చు' అన్న మాట నేను తీయించేశాను, మీరు భయపడాలని. మా అక్కకు చూపించింది కూడా అంతే. ఏమీ కాదని నమ్మి ఆమె మందులు మానేసింది. ఆమె కన్ను నా వల్ల పోయింది. మా బావను చూసి మీరు నవ్వారు. నవ్వాల్సింది ఆయన్ని చూసి కాదు."

వెనక నుంచి ఒక ముసలావిడ అడిగింది. "అదంతా సరేనమ్మా, మా కళ్ళు పోతాయా పోవా?"

"తెలీదమ్మా."

"పెద్ద సదువు సదివావు గదా?"

"చదివినా తెలీదు. చక్కెర అదుపులో పెట్టుకోవాలి. బాగున్నట్టున్నా సరే, ఏడాదికోసారి కళ్ళు చూపించుకోవాలి. అంతకుమించి తెలుసని చెబితే అబద్ధం చెప్పినట్టే."

ముసలావిడ పెదవి విరిచింది. అప్పుడు త్రిమూర్తులు లేచాడు. ఎంతో కాలంగా ఊళ్ళో నలుగురిలో నోరు విప్పని మనిషి లేచేసరికి అందరూ అటు తిరిగారు.

"ఒకటడుగుతానమ్మాయ్. మీ నాయనకీ జబ్బుండేది. మీ అక్కకుంది. రక్తమొకటే గదా. నువ్వెప్పుడైనా పెట్టుకున్నావా ఆ కళ్ళజోడు?"

హైమ చప్పున ఏదో చెప్పబోయింది. తయారుచేసిన మనిషి తనను తాను పరీక్షించుకోకూడదని, అది పద్ధతి కాదని... ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. కళ్ళజోడు సరే, మామూలు చక్కెర పరీక్షను కూడా ఆమె ఏళ్ళ తరబడి ఇవాళ రేపు అంటూ దాటేస్తూ వచ్చింది.

"లేదు బావా."

"ఏం?"

ఊరంతా ఆమె వైపు చూస్తోంది.

"భయమేసింది," అంది.

ఎవరైనా నవ్వితే బాగుండునని ఆమె అనుకుంది. ఎవరూ నవ్వలేదు. త్రిమూర్తులు ఇంకా ఏదో అడగాలనే లేచినట్టున్నాడు. అడగలేదు. ఆయన కోపం అంతా ఎటో పోయి, గొంతు మెత్తబడింది.

"నాకూ బయ్యమేసిందమ్మా ఆ రోజు," అన్నాడు. "కాకపోతే నన్ను అందరూ చూసేరు."

ఆమె తల దించుకోబోయి ఆగింది. ఆయన కళ్ళలోకి చూసింది. ఆ వేదిక మీద చూడాల్సిన చూపు అది. ఇన్నాళ్ళకు చూసింది. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

రత్నం బెంచీ మీద పక్కకు జరిగి, తనకూ మొగుడికీ మధ్య చోటు చేసింది.

"ఓ విల్సన్ బాబుగారూ," అని పిలిచింది. "ఆ సుక్కలేయో ముందు మా సెల్లికెయ్యండి. తరవాత మిగతావోళ్ళు."

హైమ వెళ్ళి వాళ్ళిద్దరి మధ్య కూర్చుని తల వెనక్కి వాల్చింది. చుక్కలు పడగానే కళ్ళు భగ్గున మండాయి. హాలు మసకబారింది. ఊరివాళ్ళు చుట్టూ చేరి చూస్తూనే ఉన్నారు. ఆమె ముఖం దాచుకోలేదు.